చట్టం తప్పని తల్లి

తల్లీ, వెస్ట్‌మినిస్టర్ మాతా, నీకు దండం. ఇంగ్లండును పార్లమెంటుల తల్లి అని జాన్ బ్రైట్ 1865లో పొగిడాడు. లోకం ఆ బిరుదును తీసుకొచ్చి నేరుగా నీ మెడలోనే వేసింది. మా ఢిల్లీ సభ నీ పోలికలతో పుట్టినదే. స్పీకరు పీఠం, ప్రశ్నోత్తరాల వేళ, బిల్లులు దాటాల్సిన మెట్లు, అన్నీ నీ ఇంటి ఆచారాలే. ఆ వరసన నేను నీకు మనవణ్ణి, మనవడికి చనువు ఎక్కువ. పైగా మాకొక ఆనవాయితీ ఉంది. కాసుల పురుషోత్తమ కవి శ్రీకాకుళంలోని ఆంధ్ర మహావిష్ణువును దెప్పుతూ, నిలదీస్తూ ఒక శతకమే చెప్పాడు. ఆ దెప్పుళ్లన్నీ భక్తే. నేను దాన్ని తిరగేసి చెప్పబోతున్నాను. నా నోట వచ్చేవన్నీ పొగడ్తలే. వాటిలో ఒక్కటీ అబద్ధం కాదు. ప్రతిదానికీ రుజువు నీ దస్తావేజుల్లోనే ఉంది.

నా స్తుతి అంతా నీ ఒక్క గుణం మీదే. నువ్వు చట్టం తప్పవు.

నీకు పడమట వేల్స్ ఉంది. కొండలు, ఇరుకు లోయలు, ముప్ఫై లక్షల పైచిలుకు జనం, వాళ్లకొక ప్రాచీన భాష. 1282లో మొదటి ఎడ్వర్డు ఆ నేలను కత్తితో గెలిచి, కొండకొమ్ముల మీదా తీరం వెంటా కోటలు కట్టాడు. ఆ పాపం నీ ఖాతాలో వేయను, అది రాజుల పని. నీ వంతు 1536లో మొదలైంది. ఎనిమిదో హెన్రీ కాలంలో నువ్వు చేసిన చట్టం వేల్స్‌ను ఇంగ్లండులో కలిపేసింది. అదే చట్టంతో వేల్స్‌కు నీ సభలో చోటు ఇచ్చావు. ఇంగ్లీషువాడికి ఏ హక్కులున్నాయో వెల్ష్‌వాడికీ అవే అన్నావు. ఆ కాలానికి అది పెద్దమనసే, కాదనను. ఆ కాగితం మీదే ఇంకో మాటా రాశావు. కోర్టులు ఇంగ్లీషులోనే నడవాలి, ఇంగ్లీషు వాడనివాడికి ఏ ఉద్యోగమూ దక్కకూడదు అని. జనంలో అత్యధికులకు ఆ భాష ఒక్క ముక్క రాని రోజులవి. సమానహక్కు ఇచ్చిన చేత్తోనే ఆ హక్కును అడిగి తీసుకునే నోరు మూశావు. కోర్టుల మీద ఆ నిబంధన 1942 దాకా చెరగలేదు. నాలుగు శతాబ్దాల పాటు రైతు తన భూమి తగాదాలో, తల్లి తన బిడ్డ నేరవిచారణలో, తమకు తెలియని మాటల మధ్య నిలబడ్డారు. అంతా చట్టప్రకారమే.

తుపాకులు పేలిన రోజులు లేకపోలేదు. 1831లో మెర్థిర్‌లో పేలాయి, 1911లో లానెల్లీలో పేలాయి. కానీ వేల్స్ పోగొట్టుకున్నదాంట్లో ఎక్కువ భాగం కాగితం మీద, సంతకం కింద, ఎవరూ గొంతు పెంచకుండా పోయింది. నిన్ను స్తుతించాల్సింది అందుకే.

నీ విచారణ సంఘాల శ్రద్ధ చెప్పనా? వేల్స్‌లో చదువు ఎలా ఉందో చూసి రమ్మని 1846లో ముగ్గురిని పంపావు. అడిగింది వెల్ష్ గడ్డ మీద పుట్టిన సభ్యుడే, తన నేల పిల్లలకు మంచి బడులు రావాలని. వెళ్లిన ముగ్గురికీ వెల్ష్ రాదు. ఇంగ్లీషు తెలియని పిల్లలను ఇంగ్లీషులో ప్రశ్నలడిగి, జవాబు రాకపోతే తెలివి లేదని రాసుకున్నారు. 1847లో నివేదిక నీలిరంగు అట్టలతో వచ్చింది. బడుల దురవస్థతో ఊరుకోలేదు. ఆ జనం వెనకబాటుకు వాళ్ల భాష కారణమంది, వాళ్ల ప్రార్థనామందిరాలు కారణమన్నది, అక్కడి ఆడవాళ్ల నడవడిక మీద కూడా బురద చల్లింది. ఆ సంపుటాల్లోని వివరాలు ఈనాటికీ చరిత్రకారులకు పనికొస్తాయి. బడికి పైకప్పు లేదన్న సంగతి ఎంత జాగ్రత్తగా నమోదు చేశారో, ఆ బడిలోని పిల్ల అవమానపడిన సంగతి అంత జాగ్రత్తగా వదిలేశారు.

ఆ శతాబ్దంలో కొన్ని బడుల్లో వెల్ష్ మాట్లాడిన పిల్లవాడి మెడలో చెక్కముక్క వేలాడదీసేవారు. వాడు ఇంకొకడు వెల్ష్ మాట్లాడుతుంటే పట్టుకుని వాడి మెడలోకి మార్చాలి. సాయంత్రం గంట కొట్టేసరికి అది ఎవడి మెడలో ఉంటే వాడికి బెత్తం దెబ్బలు. న్యాయంగా చెప్పాలి, ఆ చెక్క నీ చట్టం కాదు. ఏ శాసనంలోనూ నువ్వు దాన్ని ఆజ్ఞాపించలేదు. పంతుళ్లే వేశారు, చాలామంది వెల్ష్ పంతుళ్లే. కొందరు తల్లిదండ్రులూ సమ్మతించారు. బిడ్డ బతకాలంటే సొంత మాట మరవాలన్న నమ్మకం ఊరూరా వేళ్లూనుకునేలా చేయడం నీ వంతు, బెత్తం పట్టడం వాళ్ల వంతు. మా కడప జిల్లా మైదుకూరులో 2009లో ఒక బడిలో తెలుగు మాట్లాడిన పిల్లల మెడలో, ఇక తెలుగు మాట్లాడనని రాసిన పలకలు వేశారు. ఆ వార్త చదివినరోజు నాకు అన్నం సహించలేదు. నువ్వు మా దేశం వదిలి వెళ్లి అప్పటికి అరవై రెండేళ్లు. అంత దూరం, అంత కాలం పనిచేసే చదువు నీది.

ఇక బొగ్గు. 1913 ఒక్క ఏడాదిలో దక్షిణ వేల్స్ గనులు 5.7 కోట్ల టన్నుల దాకా బొగ్గు ఎత్తిపోశాయి. నీ నౌకాదళం కోరికోరి వాడింది ఆ లోయల బొగ్గునే, పొగ తక్కువ, వేడి ఎక్కువ. బారీ రేవు నుంచి, కార్డిఫ్ నుంచి లోకం నలుమూలలకూ ఓడలు వెళ్లాయి. మమ్మల్ని ఏలడానికి వచ్చిన ఓడల బాయిలర్లలో మండింది కూడా చాలావరకు అదే. ఆ 1913లోనే, అక్టోబరు 14న, సెంగ్‌హెనిద్ గనిలో పేలుడు జరిగి 439 మంది కార్మికులు చనిపోయారు. వాళ్లను వెతకడానికి దిగినవాడు ఒకడు చనిపోయాడు. నిబంధనలు ఉల్లంఘించారని కేసు నడిచింది. నడవకుండా ఎలా ఉంటుంది, నువ్వు చట్టం తప్పవు కదా. మేనేజరుకు 24 పౌండ్ల జరిమానా పడింది, కంపెనీకి 10 పౌండ్లు. అప్పటి పత్రిక ఒకటి ఆ 24 పౌండ్లను శవాల సంఖ్యతో భాగించి తలకు షిల్లింగు పైన ఎంత పడిందో అచ్చువేసింది. సింగరేణి ఊళ్లలో పుట్టినవాళ్లకు ఈ లెక్క విడమరిచి చెప్పక్కర్లేదు.

నీ చట్టబద్ధత ఎంత నిర్మలమైనదో తెలుసుకోవాలంటే మాత్రం ట్రవెరిన్ లోయకు వెళ్లాలి.

లివర్‌పూల్ నగరానికి, దాని పరిశ్రమలకు నీళ్లు కావలసివచ్చాయి. నీళ్లు కోరడం తప్పు కాదు. వేల్స్ ఉత్తరాన, బాలా పట్టణం దగ్గర ట్రవెరిన్ నది మీద ఆనకట్ట కట్టాలనుకున్నారు. ఆ లోయలో కపెల్ కెలిన్ అనే పల్లె ఉంది. బడి, తపాలా కచేరి, ప్రార్థనామందిరం, దాని పక్కన శ్మశానం, డజను ఇళ్లు, చుట్టూ పొలాలు. ఊరంతా వెల్ష్‌లోనే బతికే పల్లె, అప్పటికే అలాంటివి అరుదైపోతున్నాయి. లివర్‌పూల్ నగర పాలకులు వేల్స్‌లోని ఏ స్థానిక మండలి అనుమతీ అక్కర్లేని దారి ఎంచుకున్నారు. ప్రైవేటు బిల్లు రూపంలో సూటిగా నీ గడపకే వచ్చారు. 1956 నవంబరులో ఆ పల్లె జనం పిల్లలను వెంటబెట్టుకుని లివర్‌పూల్ వీధుల్లో నడిచారు, మా ఊరు ముంచకండి అని. 1957లో బిల్లు నీ ముందుకు వచ్చింది. నీ సభలో 630 మంది. అందులో వేల్స్ నుంచి వచ్చినవాళ్లు 36 మంది. ఆ 36 మందిలో ఒక్కరూ బిల్లుకు అనుకూలంగా ఓటు వేయలేదు. బిల్లు నెగ్గింది.

ఇందులో ఎక్కడ తప్పు పట్టగలను? ఓట్లు దొంగిలించలేదు. ఎవరినీ బెదిరించలేదు. అందరినీ మాట్లాడనిచ్చావు. లెక్కించావు, ఎక్కువ వచ్చిన పక్షం గెలిచిందన్నావు. ఒక జాతి ప్రతినిధుల్లో ఒక్కరైనా ఔనని ఓటు వేయని పని, ఆ జాతి నేల మీద, ఆ జాతి సభ్యుల సాక్షిగా, నిబంధన ఒక్కటి కూడా వంగకుండా జరిగిపోయింది. సభలో ఆరు శాతం కూడా లేనివాళ్లు ఎంత ఏకమైనా ఆరు శాతం లోపే. నియంత చేసి ఉంటే వాడిమీద తిరగబడేవాళ్లు. నువ్వు చేశావు కాబట్టి ఎవరిమీద తిరగబడాలో కూడా వాళ్లకు తోచలేదు.

కొన్ని కుటుంబాలు తమవాళ్ల అస్థికలను తవ్వించి వేరేచోట పాతిపెట్టుకున్నాయి. మిగిలిన సమాధుల మీద కాంక్రీటు పోశారు. 1965 అక్టోబరు 21న జలాశయం ప్రారంభోత్సవం. నిరసనకారులు మైకు తీగలు తెంచేస్తే ఆ వేడుక నిమిషాల్లో ముగిసింది. నలభై ఏళ్లకు, 2005లో, లివర్‌పూల్ నగర మండలి క్షమాపణ చెప్పింది. క్షమాపణ చెప్పింది నీళ్లు తాగిన నగరం, బిల్లు నెగ్గించిన సభ నీది.

శ్రీశైలం జలాశయం కింద కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల పల్లెలు మునిగిన కథ మాకు తెలుసు. ఊరు ఖాళీ చేయమన్న కాగితం మీద ఎప్పుడూ ఒకే వాక్యం ఉంటుంది, ప్రజాప్రయోజనం కోసమని. ఆ ప్రజల్లో తాము లేమన్న సంగతి మునిగేవాడికి ఆ కాగితం చదివాకే తెలుస్తుంది. అయితే మా దగ్గర మునిగినవాడూ, నీళ్లందినవాడూ కనీసం ఒకే భాషలో తిట్టుకోగలిగారు.

ఆ ప్రారంభోత్సవానికి సరిగ్గా ఏడాది తిరిగి, అదే తేదీన, 1966 అక్టోబరు 21 శుక్రవారం ఉదయం తొమ్మిదింబావుకు, అబర్‌వాన్‌లో కొండమీద పోసిన గనిచెత్త జారి పాంట్‌గ్లాస్ బడి మీద పడింది. 116 మంది పిల్లలు. 28 మంది పెద్దలు. ఆ ఏడో నంబరు గుట్టను నీటి ఊట మీద పోశారు. బడి వెనక బురద ప్రమాదం ఉందని మెర్థిర్ మండలి నుంచి మూడేళ్ల ముందే ఉత్తరాలు వెళ్లాయి. గనులు అప్పటికి కంపెనీలవి కావు, జాతీయ బొగ్గు బోర్డువి, అంటే నీవి. ఆ బోర్డు అధ్యక్షుడు లార్డ్ రాబెన్స్ ఒక విశ్వవిద్యాలయానికి చాన్సలరుగా ప్రమాణం చేసే వేడుక ముగించుకున్నాకే ఆ ఊరికి వచ్చాడు.

న్యాయవిచారణ నువ్వు బాగా జరిపించావు. ఇది మనసారా అంటున్నాను. ట్రిబ్యునల్ 76 రోజులు సాక్ష్యాలు విన్నది, తప్పు బొగ్గు బోర్డుదేనని 1967లో కుండబద్దలు కొట్టింది. ఒక్క మనిషి ఉద్యోగం పోలేదు. ఒక్కరి మీదా నేరం మోపలేదు. రాబెన్స్ రాజీనామా ఇస్తానంటే వద్దన్నారు. బిడ్డ ఒక్కొక్కరికి బోర్డు 500 పౌండ్లు ఇచ్చింది. లోకమంతా పంపిన చందాలు పదిహేడు లక్షల పౌండ్లు దాటాయి. ఆ నిధి నుంచి తల్లిదండ్రులకు డబ్బు ఇచ్చేముందు, వాళ్లు ఆ బిడ్డతో నిజంగా దగ్గరగా ఉండేవారా, మానసికంగా బాధపడుతున్నారా అని ఒక్కొక్కరి విషయంలో విచారించమని చారిటీ కమిషన్ సూచించింది. ధర్మనిధుల చట్టం అలా అడుగుతుందట. ఈ వాక్యం రాసి కాసేపు కలం పక్కన పెట్టాల్సివచ్చింది.

ఊరి నెత్తిమీద మిగిలిన గుట్టలు తొలగించమని బిడ్డలను పోగొట్టుకున్నవాళ్లు అడిగితే ఖర్చు ఎవరు పెట్టాలన్న ప్రశ్న లేచింది. 1968లో ఆ చందా నిధిలోంచే లక్షా యాభై వేల పౌండ్లు తీసుకున్నారు. చంపిన చెత్తను ఎత్తే కూలి చచ్చిన పిల్లల పేర వచ్చిన దానంలోంచి వెళ్లింది. 1997లో ఆ లక్షా యాభై వేలు తిరిగి ఇచ్చారు, అణా తగ్గలేదు. ముప్ఫై ఏళ్ల వడ్డీ ఇవ్వలేదు. దాన్ని సరిదిద్దడానికి 2007లో కార్డిఫ్‌లోని వేల్స్ ప్రభుత్వం తన డబ్బు పెట్టింది. బకాయి తీర్చినవాడు బాకీ పడ్డవాడు కాడు.

అదే 1966లో సెవర్న్ నది మీద వంతెన ప్రారంభమైంది. చివరి పాతికేళ్లు దాని మీద సుంకం ఒకే దిక్కు బండ్లకు ఉండేది. ఇంగ్లండు నుంచి వేల్స్‌లోకి వచ్చే బండి కట్టాలి, వేల్స్ నుంచి వెళ్లే బండికి ఉచితం. ఆ సుంకం 2018 డిసెంబరులో పోయింది. వేల్స్ ఉత్తరం నుంచి దక్షిణానికి రైల్లో వెళ్లాలంటే ఇప్పటికీ ఇంగ్లండులోకి వెళ్లి రావాలి. ష్రూస్‌బరీ మీదుగా ప్రయాణం. అబరిస్త్‌విత్ నుంచి కార్మార్తెన్‌కు నడిచే రైళ్లను అరవైల్లో ఆపేశారు, లాభం రాదని లెక్క తేలింది. కార్డిఫ్ నుంచి స్వాన్సీకి రైలుమార్గాన్ని విద్యుదీకరిస్తామన్న మాటను 2017లో రద్దు చేశారు, అదీ లెక్కే. లండన్ నుంచి బర్మింగ్‌హామ్‌కు వేస్తున్న హెచ్‌ఎస్2 అనే అతివేగ రైలుమార్గంలో ఒక్క మైలు కూడా వేల్స్‌లో లేదు. దాన్ని ఇంగ్లండు-వేల్స్ ఉమ్మడి పథకమని ఖాతాలో రాశారు. అందువల్ల స్కాట్లాండుకు, ఉత్తర ఐర్లండుకు దానికి సరితూగే వాటా డబ్బు వెళుతుంది, వేల్స్‌కు వెళ్లదు. ఎందుకంటే వేల్స్ రైలుపట్టాల అధికారం నీ దగ్గరే ఉంచుకున్నావు, ఆ అధికారం నీదగ్గరుంది కాబట్టి ఖర్చు ఉమ్మడి. లండన్‌కు తొందరగా చేరే బర్మింగ్‌హామ్ వాడి టికెట్టులో లోయవాడి వాటా కలిసింది. నీ సభలోని వేల్స్ వ్యవహారాల సంఘమే 2021లో ఇది మార్చమని చెప్పింది. 2025లో వేల్స్ రైళ్లకు పదేళ్లలో 44.5 కోట్ల పౌండ్లు ప్రకటించావు. ఖాతాలో ఆ రాత మాత్రం అలాగే ఉంచావు.

నువ్వు వేల్స్‌ను పోషిస్తున్నావని నీ మంత్రులు అంటారు. నిజమే. అక్కడ వసూలయ్యే పన్నుల కన్నా అక్కడ పెట్టే ఖర్చు ఎక్కువ. తలసరి చూస్తే ఇంగ్లండులో కన్నా ఎక్కువ ఖర్చు. ఈ మాటను దాటవేసి నిన్ను పొగడటం సరికాదు. నా ప్రశ్న ఒక్కటే. ఒక్క ఏడాదిలో దాదాపు ఆరు కోట్ల టన్నుల బొగ్గు ఎత్తిన లోయలకు పోషణ ఎందుకు కావలసివచ్చింది? ఆ సంపద ఎటు వెళ్లింది? యూరోపియన్ యూనియన్ లెక్కల్లో లండన్ నడిబొడ్డు యూరప్‌లోకెల్లా సంపన్న ప్రాంతంగా ఉండేది. అదే రాజ్యంలో పశ్చిమ వేల్స్, గనిలోయలు యూనియన్ సగటులో 75 శాతం కూడా అందుకోలేక, 2000 నుంచి పేద ప్రాంతాలకిచ్చే సాయం పుచ్చుకున్నాయి. ఆ రెండు చోట్ల మధ్య రైలు ప్రయాణం మూడు గంటలు.

పనికిరాదని నువ్వు తీర్మానించిన గని ఒకటి గుర్తుచేస్తాను. టవర్ గనిని 1994లో మూసేశారు, గిట్టుబాటు కాదని. ఉద్యోగం పోయిన కార్మికులు చేతికొచ్చిన పరిహారంలోంచి తలా 8,000 పౌండ్లు వేసుకుని దాన్ని కొన్నారు. 1995లో తెరిచి 2008 దాకా, అందులో బొగ్గు అయిపోయేదాకా, తామే నడిపారు. లెక్క ఎవరు వేస్తున్నారన్నదాన్ని బట్టి గిట్టుబాటు మారుతుంది.

ఆ లోయలు నీకు ఇచ్చినవాటిలో బొగ్గు చిన్నది. ట్రెడీగర్‌లో కార్మికులు జీతంలోంచి పెన్నీలు కూడబెట్టి ఊరందరికీ వైద్యం అందించుకునేవారు. ఆ ఊరివాడే అనైరిన్ బెవన్. ఆరోగ్యమంత్రి అయ్యాక ఆ పద్ధతినే 1948లో దేశమంతటికీ ఉచిత వైద్యంగా విస్తరించాడు. నువ్వు నేడు లోకం ముందు ఛాతీ విరుచుకుని చూపే ఆరోగ్యసేవకు పుట్టిల్లు ఆ లోయ. గ్లిన్‌కోరుగ్ అనే గనిపల్లెలో వైద్యం చేసిన జూలియన్ ట్యూడర్ హార్ట్ 1971లో, వైద్యం ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లకే తక్కువ అందుతుందని రాశాడు. అది ఇప్పుడు ప్రపంచంలోని ఎన్నో వైద్య కళాశాలలకు తెలిసిన సూత్రం. ఇంగ్లీషు డాక్టర్లు రావడానికి ఇష్టపడని ఆ లోయల ఆసుపత్రుల్లో దశాబ్దాలుగా గదులు తెరిచి కూర్చున్నవాళ్లలో భారతదేశం నుంచి వెళ్లిన డాక్టర్లు ఎందరో. వాళ్లలో కొందరు రోగులకోసం వెల్ష్ మాటలు నేర్చుకున్నారు. 1846లో నువ్వు పంపిన ముగ్గురు ఆ శ్రమ పడలేదు.

భాష విషయంలో నీ దయను విడిగా పొగడాలి. 1911లో జనంలో నూటికి 43 మందికి వచ్చిన వెల్ష్, 2021 జనగణన నాటికి 17.8 శాతానికి దిగింది. బతికున్నంత మేరకు బతికించింది ఎవరంటే, రోడ్డు బోర్డులకు రంగు పూసి జైలుకు వెళ్లినవాళ్లు, ఇళ్లలో బడులు పెట్టినవాళ్లు. వెల్ష్ టెలివిజన్ చానెల్ పెడతామని ఎన్నికల ప్రణాళికలో రాసి గెలిచిన ప్రభుత్వం 1979లో మాట తప్పింది. నీ సభలో ప్లైడ్ కమ్రి పార్టీ తొలి సభ్యుడిగా ఉండివచ్చిన గ్విన్‌వోర్ ఎవాన్స్, 1980 అక్టోబరు నుంచి ఆమరణ నిరాహారదీక్ష చేస్తానన్నాడు. దీక్ష మొదలుకాకముందే, సెప్టెంబరులోనే, దిగివచ్చావు. అందుకు నీకు నిండు నమస్కారం. మాకు పొట్టి శ్రీరాములు దక్కలేదు. 1952 డిసెంబరులో 58 రోజుల దీక్ష తర్వాత ఆయన కన్నుమూస్తే గానీ మా ఢిల్లీకి వినపడలేదు. నీ చెవులు మా వాళ్ల కన్నా పదునని ఒప్పుకుంటాను. కానీ తన భాషలో తాను వార్తలు వినడానికి అరవై ఎనిమిదేళ్ల ముసలివాడు చావుకు సిద్ధపడాల్సిన ఏర్పాటు ఏమి ఏర్పాటు?

నీ జెండాలో ఇంగ్లండు శిలువ ఉంది, స్కాట్లాండుది ఉంది, ఐర్లండుది ఉంది. వేల్స్ గుర్తు లేదు. 1606లో మొదటి జెండా కుట్టేనాటికే వేల్స్ ఇంగ్లండులో భాగమని చట్టం చెప్పింది, కాబట్టి వేరే గుడ్డముక్క అక్కర్లేకపోయింది. నేను బ్రిటిష్ అని మనస్ఫూర్తిగా చెప్పుకునే వెల్ష్ వాళ్లు లక్షల్లో ఉన్నారు. 1979లో స్వపరిపాలన సభ కావాలా అంటే ఐదుగురిలో నలుగురు వద్దన్నారు కూడా. నీ మీద ప్రేమకు అంతకన్నా రుజువేముంది? వాళ్లు ద్రోహులు కారు, వేరుపడతామని పట్టుబట్టినవాళ్లు కారు. ఆ తర్వాత మూతపడ్డ గనులు, 1984-85 గనికార్మికుల సమ్మె చూశాక, 1997లో 6,721 ఓట్ల ఆధిక్యంతో ఔనన్నారు. పద్దెనిమిదేళ్లలో వాళ్ల మనసు మార్చింది ఏ తీవ్రవాదీ కాదు, తల్లీ, నువ్వే.

అలా పుట్టిన కార్డిఫ్ సభకు నువ్వొక మర్యాద ఇచ్చావు. దాని అధికారంలోని విషయాల మీద మామూలుగా దాని సమ్మతి లేకుండా చట్టం చేయనన్నావు. 2020లో బ్రెగ్జిట్ ఒప్పందం చట్టానికి ఆ సభ సమ్మతి లేదంది. స్కాట్లాండూ లేదంది, ఉత్తర ఐర్లండూ లేదంది. చట్టం అయింది. అదే ఏడాది అంతర్గత మార్కెట్ చట్టానికీ సమ్మతి లేదంది. అదీ అయింది. మామూలుగా అన్నావే గానీ ఎప్పుడూ అనలేదు కదా, మాట తప్పలేదు. వేల్స్ జనం కూడా 2016లో 52.5 శాతం యూరోపియన్ యూనియన్ వదలాలనే ఓటు వేశారు, ఆ సంగతి దాచను. పేద ప్రాంతాలకు వచ్చే డబ్బు ఒక్క పెన్నీ తగ్గదని వదలమన్నవాళ్లు చెప్పిన మాట నమ్మి కొందరు వేశారు. యూనియన్ సాయానికి బదులు వచ్చిన నిధి పంపకం లండన్ చేతికి వెళ్లింది. 2024 ఎన్నికలకు జనాభా లెక్కన నియోజకవర్గాలు సమంగా కత్తిరించి, వేల్స్ సభ్యులను 40 నుంచి 32కు తగ్గించావు. సమానత్వం కోసమే.

ఇక ఉక్కు. పోర్ట్ టాల్బట్ బట్టీల యజమాని మా దేశపు టాటా కంపెనీ. అందుచేత ఈ కథలో మాకూ బాధ్యత ఉంది, నీ ఒక్కదాని మీదకే నెట్టను. 2024 సెప్టెంబరు 30న అక్కడి చివరి బ్లాస్ట్ ఫర్నేస్ ఆగింది. దాదాపు 2,000 ఉద్యోగాలు పోయే ఏర్పాటు. విద్యుత్ కొలిమికి 50 కోట్ల పౌండ్ల సాయం ఇస్తానన్నావు, అది కట్టేదాకా ఊరు ఎదురుచూడాలి. నష్టం తట్టుకోలేమని కంపెనీ అంది, మార్కెట్ సంగతి మనమేం చేయగలమని నీ పెద్దలు అన్నారు. ఉక్కు కోసం 1966లో ప్రాణాలిచ్చిన విశాఖ గురించి తెలిసిన మాకు ఆ మాట కొత్తది కాదు. ఏడు నెలలు తిరగలేదు. ఇంగ్లండులోని స్కన్‌థోర్ప్ బట్టీలు ఆరిపోయేలా ఉన్నాయన్నారు. 2025 ఏప్రిల్ 12, శనివారం, ఈస్టర్ సెలవులు. సభ్యులను ఇళ్లనుంచి పిలిపించావు. ఆ ఒక్కరోజులోనే రెండు సభలూ బిల్లు దాటించాయి, రాజు సంతకం అయింది, బట్టీల పగ్గాలు ప్రభుత్వం చేతికి వచ్చాయి. మార్కెట్ సంగతి ఏం చేయగలవో ఆరోజు చూపించావు. ఎంత చక్కగా చేశావు! స్కన్‌థోర్ప్ కార్మికులు కూడా కార్మికులే, వాళ్ల పొయ్యిలు వెలిగినందుకు సంతోషమే. పోర్ట్ టాల్బట్ వాళ్లు ఆ శనివారం టీవీలో నీ సభను చూస్తూ కూర్చున్నారు.

స్తుతి అయ్యాక వరం అడగాలి. అసాధ్యమైనది అడగను, చట్టం తప్పమని అంతకన్నా అడగను. వేల్స్ తీరం చుట్టూ సముద్రగర్భం రాచరికపు ఆస్తులు చూసే క్రౌన్ ఎస్టేట్ చేతిలో ఉంది. అక్కడ నాటే గాలిమరల అద్దె నీ ఖజానాకు వెళుతుంది. బొగ్గు వెళ్లిన దారినే గాలీ వెళుతోంది. స్కాట్లాండు తీరం మీద ఇదే అధికారాన్ని 2016 చట్టంతో ఎడింబరోకు ఇచ్చేశావు, 2017 నుంచి ఆ అద్దె వాళ్లకే అందుతోంది. ఆ చట్టం నకలు నీ దగ్గరే ఉంది. అందులో స్కాట్లాండు ఉన్నచోట వేల్స్ అని రాసి, హెచ్‌ఎస్2 ఖాతా సరిచేసే తీర్మానంతో కలిపి, ఈ సమావేశాల్లోనే ఓటుకు పెట్టు. సెలవు రోజైనా సరే.